బండి వదిలిన ఊరే దాని ఊరు

పాల్వంచ చాచా పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను దుమ్ముగూడెంలో మా జిరాక్సు షాపు ముందు ఒక కస్టమరుకు కారు తాళం ఇస్తున్నాను. ఫోను చేసింది ఖమ్మం బ్రాంచి అన్న.

"చెల్లే, చాచా పోయిండు. పొద్దున చాయ్ తాగి కుర్చీల కూసున్నోడు గట్లనే పోయిండు."

ఆ కస్టమరు వెళ్లేది పాల్వంచకే. సంగతి చెబితే "ఎక్కండి మేడం" అన్నాడు. నేను కిరాయికిచ్చిన కారులోనే వెనక సీట్లో కూర్చుని వెళ్లాను. ఈ మాట చాచాకు చెప్పగలిగితే ఎంత నవ్వేవారో!

చాచా నాకు చుట్టం కాదు. మా నాన్న పాల్వంచ కరెంటు ప్లాంటులో పనిచేసిన రోజుల్లో మా కాలనీకి ఎదురిల్లు వాళ్లది. డ్రైవరు లేకుండా కారు కిరాయికివ్వడం ఒక్క కారుతో మొదలుపెట్టారు. భద్రాచలం దర్శనానికి వెళ్లినవాళ్లు అటునుంచి అటే బస్సులో పోదామనుకున్నా, కారు అప్పగించడానికి మళ్లీ పాల్వంచ రావాల్సి వచ్చేది. "ముందుకు పోయే మనిషిని ఎనక్కి రమ్మనుడేంది?" అని చాచాకు ఒకటే బాధ. అందుకే ఊరూరా నమ్మకమైన మనిషిని వెతికి తన బోర్డు, తన పద్ధతి ఇచ్చారు. ఖమ్మంలో స్పేర్‌పార్టుల కొట్టు అన్న, భద్రాచలంలో లాడ్జి పెద్దాయన. ఎవరి బ్రాంచి వాళ్లదే, బోర్డు మాత్రం ఒకటే. ఒక ఊళ్లో కారు తీసుకుని మరో ఊళ్లో వదిలేసి పోవచ్చు.

పెళ్లయి దుమ్ముగూడెం వచ్చాక నేనూ ఒక బ్రాంచి అడిగాను. ఇంట్లో నవ్వారు. అప్పటికి నాకు కారు నడపడమే రాదు. చాచా ఆ సంగతి అడగనే లేదు.

"పరాయి బండి నీ వాకిట్ల ఉంటే నీకు నిద్ర పడ్తదా బిడ్డా?"

"పట్టదు చాచా."

"అయితే నీకే ఇస్త."

డ్రైవింగు కూడా ఆయనే నేర్పారు. వారానికి రెండుసార్లు బస్సులో వచ్చి, గోదావరి ఒడ్డు రోడ్డు మీద నా పక్కన కూర్చునేవారు. నేను బ్రేకు తొక్కినప్పుడల్లా ఆయన టోపీ ఎగిరి ముందు పడేది. "బ్రేకు మంచిగున్నది" అని దాన్ని తీసి మళ్లీ పెట్టుకునేవారు.

ఆ ఏడు శ్రీరామనవమికి మా వ్యాపారం దాదాపు ముక్కలైంది. కార్లన్నీ భద్రాచలం చేరాయి, ఒక్కటీ తిరిగి రాలేదు. ఖమ్మంలో కస్టమర్లు నిలబడి ఉన్నారు, ఇవ్వడానికి కారు లేదు. లాడ్జి పెద్దాయనేమో "నా దగ్గరికొచ్చినయ్, నేనే కిరాయికిచ్చుకుంట" అన్నాడు. "బోర్డు పీకేస్త" అని ఖమ్మం అన్న. నాకు నిజంగానే భయమేసింది. జిరాక్సు మిషను మీద బతకలేకే కదా ఇందులోకి వచ్చాను.

చాచా మమ్మల్ని లాడ్జికి పిలిపించారు. తాళాలన్నీ ఒక పళ్లెంలో వేయించారు.

"బండి ఎవలది? కిరాయికి తీసుకున్నోనిది. వదిలినంక? ఎనక నిలబడ్డ కస్టమరుది. మనమెవలం నడిమిట్ల?"

ఆయన తలా ఒక తాళం చేతిలో పెట్టారు. "నాలుగు బండ్లు, నలుగురం. ఖమ్మం పోదాం. కానీ ఖాళీగ పోవద్దు" అంటూ దవాఖానా గేటు దగ్గరికి నడిచారు. డిశ్చార్జి అయి బస్సు కోసం కూర్చున్నవాళ్లను, దారిలో ఊళ్లున్నవాళ్లను కార్లలో ఎక్కించారు.

నా కారులోకి తల్లాడ దిగే ముసలమ్మ వచ్చింది. కంటి ఆపరేషనయింది, నల్లద్దాలు పెట్టుకుంది. అంత దూరం నేనెప్పుడూ నడపలేదు. ఆ సంగతి ఆమెకే చెప్పాను.

"అవ్వా, నాకు కొత్త. భయమైతాంది."

"నడుపు బిడ్డా. నాకెట్లాగు కనవడదు, నాకేం భయం?"

ఆ మాటకు నవ్వొచ్చి బండి కదిలించాను. తల్లాడ దాకా లారీలు నన్ను దాటుతూనే ఉన్నాయి. అద్దంలో చూస్తే వెనక చాచా కారు. నా అంత నెమ్మదిగా, ఒక్క హారను కొట్టకుండా వచ్చారు. ఖమ్మంలో దిగేసరికి లాడ్జి పెద్దాయన, ఖమ్మం అన్న ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని ఉన్నారు. పెద్దాయన కారులో ఎక్కిన బాలింత, పుట్టిన పిల్లకు ఆయన్నే పేరు పెట్టమందట. ఇక ఆయన కోపం ఎక్కడిది?

అప్పటినుంచి అదే మా పద్ధతి. తిరిగి వెళ్లే కారు దవాఖానా మీదుగానే వెళ్తుంది. కొత్తగూడెంలో, సత్తుపల్లిలో బ్రాంచీలు వచ్చాయి. ఒకసారి పట్నం నుంచి పెద్ద కంపెనీ మనుషులు వచ్చి, బ్రాంచీలన్నీ కొని తమ పేరు పెట్టుకుంటామన్నారు. చాచా ఒక్కటే అడిగారు: "దుమ్ముగూడెం బ్రాంచి ఉంచుతరా?" అంత చిన్న ఊరికి కుదరదన్నారు. "అయితే చాయ్ తాగి పోండ్రి" అన్నారు.

మొన్న మగవాళ్లు చాచాను మోసుకుని వెళ్లాక, నేను చాచీ పక్కన కిటికీ దగ్గర కూర్చున్నాను. వీధి పొడుగునా మా బ్రాంచీల కార్లే. కొత్తగూడెం కారు మీద నల్లటి బొగ్గు దుమ్ము, సత్తుపల్లి కారు మీద ఎర్రమట్టి. నేనొచ్చిన కారు కిటికీకి ఎదురుగానే ఆగి ఉంది.

"గా అద్దం మీద ఏంది బిడ్డా?" అంది చాచీ.

"ఇప్పపూలు చాచీ. మా దిక్కు రాలుతున్నయ్."

చాచీ కళ్లు తుడుచుకుని ఇంకాస్త ముందుకు వంగి చూసింది. వైపరు సందులో ఇరుక్కున్న రెండు పూలు, అన్ని మైళ్లు గాలికి కొట్టుకుని వచ్చి కూడా, ఇంకా తడితడిగా మెరుస్తున్నాయి.