చచ్చినవాళ్లకే పందెం

మాది లాల్‌దర్వాజాలో కిరాయి ఇల్లు. 1940లలో, నాకు పదహారేళ్లప్పుడు, మధ్యాహ్నం వంట పని కాగానే అరుగు బండ మీద సుద్దతో అష్టాచెమ్మ గడులు గీసేదాన్ని. నేను, అమ్మ, నేను ఖాలా (పిన్ని) అని పిలిచే పక్కింటామె ఆడేవాళ్లం. ఖాలా లక్కగాజులు చేసేది. విరిగిన గాజుముక్కలే ఆమె కాయలు.

ఎదుటివాళ్ల కాయ ఉన్న గడిలోకి మన కాయ వెళ్తే దాన్ని చంపినట్టు. అది మళ్లీ మొదటికి పోతుంది. పైగా చంపినవాళ్లకు ఇంకో పందెం, అంటే మళ్లీ గవ్వలు వేసే వంతు. ఒకరోజు నేను వరసగా ఖాలా కాయలు మూడు చంపాను. గవ్వలు నా చేతిలోంచి కదలనే లేదు.

"ఇది ఆటనా బేటీ, ఖసాయి దుకాణమా?" అంటూ ఆమె లేచింది.

"ఓడిపోతే గట్లనే అంటరు" అన్నాను. నా నోరు అంతే.

మర్నాడు ఖాలా రాలేదు. మూడోరోజూ రాలేదు. ఇద్దరమే కూర్చుంటే అరుగు బోసిపోయింది.

"మస్తు గెలిచినవ్ గదా, ఇగ ఒక్కదానివే ఆడుకో" అని అమ్మ దెప్పింది.

ఖాలాను ఎలాగైనా రప్పించాలని ఆటలోంచి చంపడమే తీసేశాను. అమ్మతో ఆడి చూశాను. ఎవరికీ అన్యాయం లేదు, కాయలు బుద్ధిగా తిరిగాయి. అమ్మ ఆవలించింది. "గిట్లయితే గవ్వలెందుకే? బియ్యం ఏరుకుంట కూసుందాం."

కోపమొచ్చి గవ్వలు విసిరికొట్టాను. మళ్లీ వాటిని ఏరుకుంటుంటే తట్టింది: చంపడం ఉండాలి, కానీ ఆ ఇంకో పందెం చచ్చినవాళ్లకు దక్కాలి. దానికి 'బద్లా', అంటే పగ తీర్చుకోవడం, అని పేరు పెట్టి ఖాలా ఇంటికి పరుగెత్తాను.

"తప్పయింది ఖాలా. కొత్త కానూన్ పెట్టిన. ఒక్క ఆట ఆడు, నచ్చకుంటే మళ్ల పిలువ."

వచ్చింది. ఆట సగమయ్యాక ఆమె కాయ చంపాను. అలవాటుకొద్దీ గవ్వలు తీయబోతే నా చేతి మీద ఒక్కటేసింది.

"బద్లా నాది!"

మూడు పడింది. పండబోతున్న నా కాయను తన ఇంకో కాయతో చంపేసింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"అయితే ఇప్పుడు బద్లా నాది!"

"వెయ్యి బేటీ. నీ కానూనే గదా."

నాకు ఒకటే పడింది, దాంతో ఏ కాయా అందలేదు. అమ్మ నవ్వు కనపడకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ ఆట ఖాలాదే.

మర్నాడు మేం అన్నం తినకముందే ఆమె గుమ్మంలో ఉంది, వెంట తన ఆడబిడ్డ కూడా. "నాలుగో దిక్కు ఖాళీగ ఉంది గదా, తెచ్చిన."

"గీ బద్లా ఎవరు పెట్టిండ్రు?" అని ఆడబిడ్డ అడిగింది.

ఖాలా గడ్డంతో నన్ను చూపించింది. నేను గడులు గీస్తున్న సుద్ద పక్కన పెట్టి, నడుం నిటారుగా చేసుకుని, కానూన్ మొత్తం మొదటి నుంచి చెప్పాను.