పాస్‌వర్డ్ అడిగిన వెంకన్న

ఇవాళ శాండీఫోర్డ్‌లోని కొత్త ఆఫీసులో ల్యాప్‌టాప్ తెరిస్తే లాగిన్ స్క్రీన్ మీద ఏదో సముద్రం ఫోటో కనిపించింది. నవ్వొచ్చింది.

నాకు ఏడేళ్లప్పుడు, నేస్‌లోని మా ఇంట్లో, నాన్న టీ పెట్టుకోవడానికి లేచిన సందులో ఆయన లాగిన్ స్క్రీన్‌కి వెంకన్న ఫోటో పెట్టేశాను. దేవుడికి అన్నీ తెలుసు కదా, పాస్‌వర్డ్ అడక్కుండా ఆటలు తెరిచేస్తాడనుకున్నాను. దండం పెట్టినా అడిగాడు.

రోజూ ల్యాప్‌టాప్ ముందే తినే నాన్న ఆ మధ్యాహ్నం ఎగ్ శాండ్‌విచ్ కొరకబోతుంటే అమ్మ చూసింది.

"దేవుడి ముందు గుడ్డేంటండీ! ఇటొచ్చి టేబుల్ దగ్గర తినండి."

"గ్రాండ్," అని ఐరిష్ వాళ్లలా సరేనంటూ నాన్న వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆ రోజు నుంచీ అక్కడే తిన్నాడు.

ఐటీ మనిషికి ఆ ఫోటో మార్చడం నిమిషం పని. మూడేళ్లు మార్చలేదు.