మందు అందని రెండు వేళ్ళు

నేను చదివింది తొమ్మిదో తరగతి, అదీ సగంలో వదిలేశాను. అయినా ఇంగ్లీషు మాటలంటే నాకు బెదురు లేదు. బెంగళూరులో, బొమ్మనహళ్ళి బట్టల ఫ్యాక్టరీలో పదకొండేళ్ళు మిషన్ తొక్కినదాన్ని. ఓవర్‌లాక్, బార్‌టాక్, ప్లాకెట్, ఈ కుట్టుపని మాటలన్నీ నాకు ఎవరూ అర్థం చెప్పి నేర్పలేదు. ముందు చెయ్యి నేర్చుకుంది, నోరు దాని వెనకాలే వచ్చింది.

ఆ ఫ్యాక్టరీ ఎత్తేశాక ఒక మెడికల్ కాలేజీలో ఆయాగా చేరాను. అనాటమీ విభాగంలో వేశారు. చనిపోయాక తమ శరీరాన్ని చదువు కోసం తీసుకోమని రాసిచ్చినవాళ్ళను అక్కడికి తెస్తారు. పాడవకుండా ఒంటి నిండా మందు ఎక్కిస్తారు. దాన్ని ఎంబామింగ్ అంటారు. నేల తుడవడానికి చేరిన నేను ఆ పని చూస్తూ చూస్తూ దాని మీద మనసు పడ్డాను. విన్నవాళ్ళు మొహం చిట్లిస్తారు. చిట్లించుకోనీ. పదకొండేళ్ళు సూపర్‌వైజర్ల అరుపులు పడ్డదాన్ని, ఆ గదిలో నన్ను కసిరేవాళ్ళెవరూ లేరు.

ఆ పని చేసే టెక్నీషియన్ పెద్దాయన. మైసూరు వైపు మనిషి, కన్నడం తెలుగు కలిపి మాట్లాడతాడు. నేను అన్నా అని పిలిచేదాన్ని. ఆయన రిటైరయ్యే రోజులు దగ్గరపడ్డాయి. మా విభాగం పెద్ద డాక్టరమ్మ నన్ను పిలిచి ఒకే మాట చెప్పారు. ఆరు నెలల్లో మాటలూ పనీ నేర్చుకుని పరీక్షలో నెగ్గితే ఆ ఉద్యోగం నాకు. లేకపోతే డిప్లొమా చదివినవాళ్ళను బయటినుంచి తెచ్చుకుంటారు. నాకు ఆ ఉద్యోగం కావాలి. ఇంక నేలలు తుడిచింది చాలు అనిపించింది.

అన్న మొదటి రోజే తన మెడ మీద వేలు పెట్టి చూపించాడు. "నోడమ్మా, ఇది కెరోటిడ్ ఆర్టరీ. పక్కన ఉండేది జుగులర్ వెయిన్. దీంట్లోకి మందు పోతాది, దాంట్లోనుంచి రక్తం వస్తాది. అటూ ఇటూ చేస్తివో, అయిపోయె కథ."

"రెండూ నరాలే కదా అన్నా?"

"నరం అంటే ఇంకోటి ఉండాది. నర్వ్. తెల్లగా దారం మాదిరి."

పుట్టినప్పటినుంచి ఒంట్లో కనిపించే ప్రతి గీతనూ నరం అన్నదాన్ని. ఒక్క మధ్యాహ్నంలో దాన్ని మూడుగా విడదీయమంటే కోపం రాదా? వచ్చింది. ఆ కోపంలోనే మడివాళ మార్కెట్‌లో దిగి లావుపాటి నోటుబుక్కు కొన్నాను.

ఇంగ్లీషు మాటను తెలుగు అక్షరాల్లో రాసుకుని పక్కన నాకు తెలిసిన మాట పెట్టుకునేదాన్ని. కాన్యులా, గొట్టం. రైగర్ మార్టిస్, కొయ్యబారడం. ఫిమోరల్, తొడ మొదట్లో దొరికేది. డ్రైనేజ్ అన్న మాటకు మాత్రం పక్కన ఏమీ రాయలేదు. మా వీధిలో అది తెలియనివాళ్ళు ఉంటారా? ఒకసారి బస్సులో పక్కనామె నా బుక్కులోకి తొంగిచూసి, "నర్సింగ్ చదువుతాండారా?" అని అడిగింది. "అట్లాంటిదేలే" అన్నాను. వెంటనే తన మోకాళ్ళ నొప్పి సంగతి ఎత్తుకుంది. సిల్క్‌బోర్డు స్టాపులో దిగేదాకా విన్నాను.

మా ఆయన ఇళ్ళకు రంగులు వేసే పని చేస్తాడు. ఒకరోజు పొద్దున్న ఆయన టిఫిన్ తింటుంటే, నా పాత టైలరింగ్ చాక్‌తో ఆయన మెడ మీద కెరోటిడ్ ఎక్కడుందో గీత గీసి చూసుకున్నాను. ఆయన ఆ గీతతోనే పనికి పోయాడు. సాయంత్రం వచ్చి, "ఎక్కడ కోయాలని గుర్తు పెట్టిందప్పా మీ ఆవిడ, అని అందరూ అడిగిరి" అన్నాడు. నేను నవ్వలేక చచ్చాను.

అత్తతో మాత్రం అంత సులువు కాలేదు. చావింటికి వెళ్ళొచ్చినవాళ్ళు తలకు నీళ్ళు పోసుకోకుండా గడప తొక్కకూడదని ఆమె పట్టు. నేను రోజూ వెళ్ళేది చావింటికే అని ఆమె లెక్క.

"అది కాలేజీ అత్తా."

"కాలేజీలో ఉంటే పీనుగ పీనుగ కాకుండా పోతాదా?"

రోజూ సాయంత్రం మా వఠారం చివర బాత్రూంలో నాకోసం బకెట్ నిండా నీళ్ళు సిద్ధంగా ఉండేవి. ఒకరకంగా అదీ మంచిదే అయింది. నీళ్ళు పోసుకుంటూ ఆ రోజు పాఠం గట్టిగా వల్లించేదాన్ని. అత్త టవల్ పట్టుకుని బయట నిలబడేది. ఒకరోజు మందులో ఏమేం కలపాలో చెప్పుకుంటున్నాను. ఫార్మలిన్, గ్లిజరిన్, ఫినాల్, స్పిరిట్, నీళ్ళు.

"ఉప్పు మర్సిపోతివి" అంది తలుపు అవతలినుంచి అత్త.

"ఏంది?"

"నిన్న ఉప్పు కూడా అంటివే. ఉప్పు లేకుండా ఏ ఊరగాయ నిలుస్తాదే పిచ్చిదానా?"

నిజమే, ఉప్పు ఉంది. ఆ రోజునుంచి అత్తే నాచేత పాఠం అప్పజెప్పించుకునేది. అక్షరం రాని మనిషి, నేను ఒక్క మాట తప్పితే ఇట్టే పట్టేసేది. బడిలో ఉన్న తొమ్మిదేళ్ళలో కూడా నేను అంత సంతోషంగా చదువుకోలేదు.

పరీక్ష రోజు పొద్దున ఒక పెద్దామెను తెచ్చారు. ఎనభై దాటి ఉంటాయి. వృద్ధాశ్రమంలో ఉండేదట, ఎప్పుడో కాగితం రాసిచ్చిందట. ఆశ్రమం డ్రైవరు సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. వెంట ఇంకెవరూ లేరు. ఈ రోజు పనంతా నువ్వే చెయ్యి అని డాక్టరమ్మ కన్నడలో చెప్పి క్లాసుకు వెళ్ళారు. అన్న గోడ పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. నోరు విప్పకూడదని ఆయనకు ఆజ్ఞ.

పెద్దామెను శుభ్రంగా కడిగాను. బిగుసుకున్న చేతులూ కాళ్ళూ మెల్లగా వంచి వదులు చేశాను. కాళ్ళు రెండూ దగ్గరకు జరిపాక, బ్యాండేజీ గుడ్డలోంచి సన్నని పీలిక చింపి రెండు బొటనవేళ్ళూ కలిపి కట్టేశాను. ఆలోచించి చేసింది కాదు. మనిషి పోగానే మా ఇళ్ళల్లో ముందు చేసే పని అది. మా అమ్మకు నేనే కట్టాను. మామూలుగా ఇంటివాళ్ళే కట్టి తెస్తారు, అన్న మొదట అది విప్పుతాడు. కడగడానికి విప్పుతున్నాడనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. తొడ దగ్గర ఫిమోరల్ ఆర్టరీ వెతికి పట్టుకుని, కాన్యులా పెట్టి, మందు వదిలాను. అన్న గట్టిగా దగ్గాడు. ఫార్మలిన్ ఘాటేమో అనుకున్నాను.

భోజనాలయ్యాక డాక్టరమ్మ వచ్చారు. అడిగినవన్నీ చెప్పాను, ఉప్పుతో సహా. ఆమె తల ఊపుతూ పెద్దామె చెవి తమ్మె నొక్కి చూశారు, చేతివేళ్ళు నొక్కి చూశారు. మందు ఎక్కిన చోటల్లా గట్టిపడింది. కాళ్ళ దగ్గరకు వెళ్ళి బొటనవేలు నొక్కారు. మెత్తగా ఉంది. రెండోదీ అంతే.

"ఇక్కడికి మందు ఎందుకు అందలేదు?"

ఆరు నెలలు నేర్చిన మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. పదకొండేళ్ళు గార్మెంట్స్‌లో అరిగిన చెయ్యి వేసిన ముడి వదులుగా ఉంటుందా? పీలిక వేళ్ళ మొదట్లోకి దిగిపోయి ఉంది. ఉద్యోగం పోయిందని నాకు అర్థమైపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఫార్మలిన్ మీదికి నెట్టేశాను.

"నేనే బిగించి కట్టాను మేడమ్. దారి మూసుకుపోయింది."

"కట్టమని నీకు ఎవరైనా నేర్పారా?"

"లేదు మేడమ్."

"మరి ఎందుకు కట్టావు?"

అప్పుడు నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు, ఎవరి మీదో తెలియదు. "అందరికీ ఇంటివాళ్ళు కట్టి తెస్తారు మేడమ్. ఈమెకు ఎవరూ కట్టలేదు. వెంట ఎవరూ రాలేదు. నేను కాకపోతే ఇంకెవరు కడతారు?" అన్నాను. అనేశాక, అయిపోయింది, రేపటినుంచి మళ్ళీ చీపురే అనుకున్నాను.

ఆమె బొటనవేళ్ళ ముడి మీద వేలు పెట్టారు. "ఇప్పుడు ఏం చేయాలి?"

అది మాత్రం నోటికి వచ్చింది. "ముడి విప్పాలి. సిరంజితో ఆ వేళ్ళకే విడిగా ఎక్కించాలి. హైపోడెర్మిక్ ఇంజెక్షన్."

"చెయ్యి."

చేశాను. సూది సరిగ్గానే దిగింది. ఆమె పక్కనే నిలబడి, చివర్లో రెండు వేళ్ళూ మళ్ళీ నొక్కి చూశారు. కాగితం మీద ఏదో రాశారు.

"టెక్నీషియన్ అయ్యాక నీకు కట్టాలనిపిస్తే, మందు ఎక్కిన తర్వాత కట్టు" అన్నారు.

'అయ్యాక' అన్న మాట నా బుర్రకు ఎక్కడానికి కొంచెం సేపు పట్టింది. అన్న స్టూలు మీదనుంచి లేచి, "దగ్గితిని కదమ్మా, వినపడలేదా?" అన్నాడు.

విప్పిన పీలికను చెత్తబుట్టలో వేయబోతుంటే డాక్టరమ్మ వద్దన్నారు. మళ్ళీ గ్లోవ్స్ తొడుక్కుని, వంగి, పెద్దామె పాదాలు రెండూ దగ్గరకు జరిపి పట్టుకున్నారు.

"ఊఁ, కట్టు. నేను పట్టుకున్నాను."