కుక్కకూ చోటున్న గుడారం

మా ఆవిడ పోయిన ఎనిమిది నెలలకు, డిసెంబరులో, నేను నా కూతుర్నీ కుక్కనూ వెంటబెట్టుకుని సూరత్ శివార్లలో తాపీ నది ఒడ్డున ఉన్న ఒక పార్కుకు వెళ్లాను. చెట్ల మధ్య గుడారాలు వేసి అద్దెకిస్తారక్కడ. రెండు రోజులు ఉందామని వెళ్లాం. ఒక్క రోజే ఉండగలిగాం.

ఆ చోటు వెతికిపెట్టింది మా ఆవిడే. నేను హజీరాలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టర్‌ని. మా నాన్న కరీంనగర్ పక్క పల్లె నుంచి మగ్గాల పనికి సూరత్ వచ్చి, లింబాయత్‌లో పదిమందితో ఒకే గదిలో బతికినవాడు. నేను ఇచ్ఛాపూర్‌లో రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకుని, ఇక చాలనుకున్నాను. మొదటి లాక్‌డౌన్‌లో కంపెనీ బస్సులు ఆగిపోయాయి, చాయ్ బండ్లు మూతపడ్డాయి. ఆ బండ్ల దగ్గర విసిరే బిస్కెట్లతో బతికే వీధికుక్కలు డొక్కలెండి మా సందులోకి వచ్చేవి. మా ఆవిడ రోజూ నాలుగు రొట్టెలు ఎక్కువ కాల్చేది. ఒకరోజు గోధుమరంగు కుక్కపిల్ల ఒకటి ఆమె వెనకాలే మెట్లెక్కి ఇంట్లోకి వచ్చేసింది.

"దీన్ని బయట వదిలిపెట్టు. కిరాయి ఇంట్ల కుక్కేంది?" అన్నాను.

"ఏందయ్యా గట్ల జేస్తవ్? బయట తిండి దొరుకుతుందా దానికి? జర ఆగు, బంద్ అయిపోయినంక చూద్దాం" అంది.

బంద్ అయిపోయింది కానీ కుక్క పోలేదు. తల్లీకూతుళ్లు దాన్ని మధ్యలో పడుకోబెట్టుకుని ఫోన్‌లో ఊళ్లు చూసేవాళ్లు. అలా చూస్తుండగా ఈ పార్కు దొరికింది. "కుక్కను గూడ తోలుకరావచ్చట! దానికి గూడ గుడారంల జాగ ఉంటదట!" అని మా ఆవిడ ఫోన్ తెచ్చి నా ముఖం ముందు పెట్టింది. మనుషులకే చోటు లేని రోజుల్లో ఇదేం పిచ్చి అని నేను నవ్వాను.

రెండోసారి కరోనా విరుచుకుపడినప్పుడు ముందు జ్వరం వచ్చింది నాకే, ఫ్యాక్టరీ నుంచి తెచ్చుకున్నాను. నేను వారంలో లేచాను. నాకు కషాయాలు కాచి ఇచ్చిన మనిషి మంచాన పడింది. ఆసుపత్రిలో చేర్చిన తర్వాత లోపలికి ఎవర్నీ రానివ్వలేదు. తొమ్మిది రోజులకు ఆమె పోయింది.

ఆ తర్వాత నా కూతురు నాతో అవసరమైనంతే మాట్లాడేది. అన్నం పెడితే తినేది, ఫోన్‌లో క్లాసులు వినేది. మిగతా మాటలన్నీ కుక్కతోనే, కొంత తెలుగులో, కొంత హిందీలో. ఏం చెప్పుకునేవో వాటికే తెలియాలి. నేను గదిలోకి వెళితే మాట ఆగిపోయేది. ఆ మౌనం భరించలేక, "మమ్మీ చెప్పిన పార్కుకు పోదామా?" అని అడిగాను. కుక్క తల మీద చేయి వేసి, "సరే" అంది.

పార్కు గేటు దగ్గర నా టీకా కాగితం చూశారు. తర్వాత కుక్క సూదుల పుస్తకం అడిగారు. బీరువాలోంచి తెచ్చానే గానీ ఆ పుస్తకాన్ని నేనెప్పుడూ తెరవలేదు. గేటు మనిషి పేజీలు తిప్పి, వేలు పెట్టి చూపించాడు. తర్వాతి సూది జూన్‌లోనే వేయించాల్సింది. నెల పేరు కింద మా ఆవిడ గుండ్రటి అక్షరాలతో "మర్చిపోవద్దు" అని రాసి రెండు గీతలు కొట్టుకుంది. జూన్ నాటికి ఆమె పోయి రెండు నెలలు. ఇంట్లో ఆ సంగతి గుర్తుపెట్టుకునే మనిషి ఇంకెవరూ లేరు.

గేటు మనిషి మంచివాడే. వెనక్కి పంపలేదు. మిగతా కుక్కల్లో కలపొద్దని చెప్పి, కంచె పక్కన చివరి గుడారం ఇచ్చాడు. నా కూతురు పుస్తకం నా చేతిలోంచి తీసుకుని తన సంచిలో పెట్టుకుంది.

సాయంత్రం ఒక గుజరాతీ పెద్దావిడ తన తెల్ల బొచ్చుకుక్కను నడిపించుకుంటూ మా వైపు వచ్చింది. దూరంగానే నిలబడి మా కుక్కను మెచ్చుకుంది. "మమ్మీ క్యాఁ ఛే?" అని అడిగింది, మీ అమ్మ ఎక్కడ అని.

"ఘరే ఛే" అంది నా కూతురు. ఇంట్లో ఉంది అని. తడుముకోకుండా అంది.

పెద్దావిడ వెళ్లిపోయింది. నేను పొయ్యి మీద కిచిడీ వేడిచేస్తున్నాను. గరిటె పక్కన పెట్టి, "గట్లెందుకు చెప్పినవ్ బిడ్డా?" అన్నాను.

అది నావైపు చూడలేదు. "నువ్వు చెప్పలేదా పప్పా? నేను పండుకున్ననని?"

నేను పొయ్యి ఆర్పేశాను.

ఆసుపత్రి నుంచి ఒక్కసారే వీడియో కాల్ వచ్చింది. మధ్యాహ్నం, ఒక నర్సు తన ఫోన్ నుంచి చేసింది. మా ఆవిడ ముఖానికి మాస్కు, ముక్కు మీద ఒరుసుకున్న పుండు. మాట్లాడలేకపోయింది. చేయి ఎత్తి, మంచం పక్కన ఇంత ఎత్తు అని చూపించింది, బిడ్డ ఏదీ అని. తర్వాత ఆ చేయి ఇంకా కిందికి దించింది, కుక్క ఏదీ అని. ఆ ముఖం చూస్తే పిల్ల జడుసుకుంటుందని నాకు భయం వేసింది. "పండుకున్నది. రేపు చూపిస్త" అన్నాను. మర్నాడు కాల్ రాలేదు. ఆ మర్నాడు వేరే కబురు వచ్చింది.

"నువ్వు... విన్నవా?" అన్నాను.

"తలుపు ఎనకాలనే ఉన్న. ఇదిగూడ ఉండె" అని కుక్క వీపు నిమిరింది. "మమ్మీ దగ్గు వినంగనే లేసి ఉరకబోయింది. నేనే దీని మూతి గట్టిగ పట్టుకున్న. మొరిగితే నువ్వు కోపం జేస్తవనుకున్న." దాని మెడపట్టీ సరిచేసింది. "మొరగనిస్తే మమ్మీకి తెలుస్తుండె గదా పప్పా, మేం అక్కడనే ఉన్నమని?"

ఎనిమిది నెలలు పదకొండేళ్ల పిల్ల ఈ మాటను మోసుకుని తిరిగింది. తప్పు నాది. మూతి పట్టుకున్నది నా భయం, నీ చేయి కాదు అని అప్పుడు చెప్పాలి. దగ్గరికి తీసుకోవాలి. కనీసం ఏడవాలి. నేనేమన్నానో తెలుసా?

"కిచిడీ చల్లారుతుంది. తిను" అన్నాను.

అది తలూపింది. నాలుగు ముద్దలు తిని మిగతాది కుక్కకు పెట్టింది. గుడారంలోకి వెళ్లి అటు తిరిగి పడుకుంది. కుక్క బిడ్డ కాళ్ల దగ్గర ముడుచుకుంది. చెప్పాల్సిన మాటలన్నీ నాకు తర్వాత వచ్చాయి, ఒక్కొక్కటే, వినేవాళ్లు నిద్రపోయాక.

తెల్లవారాక నది దాకా నడిచాం. చెబుదామని రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ చెప్పుల్లో ముల్లు గుచ్చుకుందా, చలిగా ఉందా అని అడిగాను. లేదు, లేదు అంది. వెనక్కి వచ్చి, "ఇంటికి పోదాం పప్పా" అంది. ఇంకో రోజు ఉందని నేను అనలేదు. ఆటో పిలిచాను.

సంక్షోభం కాస్త సద్దుమణిగి బళ్లు పూర్తిగా తెరిచాక, నిజామాబాద్‌లో తన పిన్ని దగ్గర ఉండి చదువుకుంటానని అడిగింది. పిన్నికి డాబా ఉంది, కుక్కకు ఇబ్బంది లేదు, అన్నీ తనే ఫోన్‌లో మాట్లాడి పెట్టుకుంది. కారు మాట్లాడి ఇద్దర్నీ దింపి వచ్చాను. దారంతా కుక్క తల బిడ్డ ఒడిలోనే ఉంది. నేను వెనక్కి బయల్దేరేటప్పుడు, "ఆ రోజు సంగతి..." అని మొదలుపెట్టాను. "జల్ది పో పప్పా, చీకటైతది" అంది. కోపంగా కాదు, పెద్దమనిషిలా అంది. అదే ఎక్కువ నొప్పి.

ఇప్పుడు ఆదివారాలు కూడా డ్యూటీ అడిగి వేయించుకుంటున్నాను. ఫ్యాక్టరీ లైన్‌లో మిషన్ల చప్పుడు ఎక్కువ. పక్కవాడు ఏమన్నా వినపడదు, నేనేమీ అనక్కర్లేదు.