ఐసు తగిలిన సూదిమందు

పెద్దింట్లమ్మ మొదటిసారి వచ్చిన రోజున నాకు ఒళ్లు మండింది. ముప్ఫై ఒక్క ఏళ్లు పశువుల ఆసుపత్రుల్లో కాంపౌండరుగా చేసి రిటైరైనవాణ్ణి. ముమ్మిడివరంలో చిన్న గది అద్దెకు తీసుకుని, పాడి గేదెలకీ, రొయ్యల చెరువుల దగ్గర కాపలా కుక్కలకీ మందులిస్తుంటాను. రాఘవులుగారు సూది వేశారంటే ఈ చుట్టుపక్కల ఎవరూ మారుమాట అడగరు. అలాంటిది, చేపల తట్టలో నాలుగు కుక్కపిల్లల్ని పెట్టుకొచ్చిన ఆ మనిషి, నేను సిరంజి తీయకముందే, ఏమీ అనుకోకపోతే మీ ఫ్రిజ్జు ఒకసారి చూస్తానండి అంది. చూసింది కూడా. లోపల పెట్టిన థర్మామీటరు మీద అంకె చదివి, తల ఊపి, అప్పుడు తట్ట బల్ల మీద పెట్టింది.

ఆవిడ ఏటిమొగ దగ్గర చేపలు పట్టే కుటుంబంలో పుట్టింది. భర్త పోతురాజు ఒక రొయ్యల చెరువుకి కాపలాదారు. పెద్దింట్లమ్మ ఆరేళ్లు మస్కట్‌లో ఒక ఇంట్లో పనిచేసింది. ఒప్పందం ఇంకా ఏడాది మిగిలి ఉండగానే, రెండేళ్ల కిందట ఒక్క సంచీతో వెనక్కి వచ్చేసింది. ఎందుకు వచ్చేశావని ఎవరడిగినా చెప్పలేదు. చెప్పకపోయేసరికి ఊరే ఒక కారణం కనిపెట్టింది. యజమానురాలి గొలుసు తీసిందట, పట్టుకుని పంపించేశారట. నేనూ నమ్మాను. నమ్మడానికి ఏం కావాలి, నలుగురు అంటే చాలు.

కుక్కపిల్లల సంగతిలో మాత్రం ఆవిడకి వంక పెట్టలేకపోయాను. పదిహేను రోజులకోసారి నట్టల మందుకి వచ్చేది. మందు బరువుని బట్టి ఇవ్వాలని ఒక్కో పిల్లనీ రొయ్యలు తూచే కాటా మీద తూచి, ఆ అంకె చీటీ మీద రాయించుకుని తెచ్చేది. చెవుల వెనకా, వేళ్ల సందుల్లోనూ గోమార్లు వెతికి ఏరేసేది. సూదులు పూర్తయ్యేదాకా పిల్లల్ని గట్టు మీద తిరగనిచ్చేది కాదు. మాకు పుట్టినవాళ్లని కూడా ఇలా పెంచలేదండి అని పోతురాజు నా దగ్గర వాపోయేవాడు.

పిల్లలకి మూడు నెలలు నిండాయి. ఇక పిచ్చికుక్క రోగానికి సూది పడాలి. ఆ వారమే చెరువుల దగ్గరి కుక్కలకి కూడా వేద్దామని అమలాపురం వెళ్లి పన్నెండు సీసాలు తెచ్చాను. మే నెల ఎండ. సర్వీసులో ఉన్నప్పుడైతే దానికి వేరే డబ్బా ఉండేది. ఇప్పుడు నా దగ్గర లేదు. దారిలో రొయ్యలు కొనే చోట ఆగి, థర్మోకోల్ పెట్టె నిండా అప్పుడే పగలగొట్టిన ఐసు పోయించుకుని, చల్లదనం గట్టిగా నిలవాలని రెండు గుప్పిళ్ల ఉప్పు కూడా చల్లి, సీసాలు మధ్యలో కూరాను. ఇక్కడ పుట్టినవాడికి చేయి అలాగే వెళుతుంది. పాడవకూడనిది ఏదైనా ఐసులోకే పోవాలి, ఎంత గడ్డకడితే అంత భద్రం. నాకు చదువు లేక కాదు. ఎండకి భయపడి చదువు మర్చిపోయాను.

ఐసు సగం కరిగిన ఆ పెట్టెలోంచే మర్నాడు పొద్దున్న పదకొండు కుక్కలకి వేశాను. ఎక్కువ పిల్లకుక్కలే. మధ్యాహ్నం పెద్దింట్లమ్మ వచ్చేసరికి ఆ పెట్టెలో ఒక్క సీసా మిగిలింది. దాన్ని తీస్తుంటే ఆవిడ చెయ్యి చాచింది. ఫ్రిజ్జులో ఉన్న పాత సీసాల్లోంచి ఒకటి కూడా అడిగింది. రెండూ ఒకేసారి ఊపి బల్ల మీద నిలబెట్టింది. పాత సీసాలో మందు పాలవిరుగుడులా మసగ్గా నిలిచింది. నా సీసాలో నలుసులు లేచి, చూస్తుండగానే అడుక్కి దిగిపోయాయి.

"ఇది గడ్డకట్టి కరిగిందండి. ఇంక పనిచెయ్యదు," అంది.

నేను అరిచాను. నువ్వెవరు నాకు చెప్పడానికి అన్నాను, మస్కట్ మాట కూడా ఎత్తాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆవిడ కోప్పడలేదు. తట్టలో పిల్లల మీద చెయ్యి వేసి, ఊళ్లో ఎవరికీ చెప్పనిది నాకు చెప్పింది.

ఆ ఇంట్లోనూ రెండు కుక్కపిల్లల్ని కొత్తగా తెచ్చుకున్నారట. డాక్టరు ఇంటికొచ్చి సూది వేస్తాడని యజమానురాలు ముందే మందు తెప్పించి, ఫ్రిజ్జులో పెట్టమని ఈవిడ చేతికిచ్చింది. ఈవిడ ఇంకా బాగుంటుందని చేపలుండే డీప్ ఫ్రీజరులో పెట్టింది. డాక్టరు వచ్చే వేళకి తీసింది, అది కరిగింది, ఆయన చూసుకోకుండా ఒక పిల్లకి వేసేశాడు. నెల తర్వాత, అప్పటికి చిన్నదని వదిలేసిన రెండో కుక్కపిల్ల సూదికి వచ్చినప్పుడు, గడ్డకట్టిన మందు నీళ్లతో సమానమని చెప్పి, ఎలా గుర్తుపట్టాలో సీసాలు ఊపి చూపించాడు. మొదటి పిల్లకి పడింది నీళ్లేనని ఈవిడ ఒక్కదానికే తెలుసు.

"మూడ్రోజులు అన్నం దిగలేదండి. చెబితే పంపించేస్తారని తెలుసు. ఆ ఇంట్లో చిన్నపిల్ల ఉందండి, కుక్కపిల్లని పక్కలో వేసుకుని పడుకునేది. చెప్పేసేను. ఇంక నిన్ను నమ్మలేనన్నారు ఆవిడ. వచ్చేసేను."

సిగ్గుతో చెవులు వేడెక్కాయి. గొలుసు కథ ఊరంతా నమ్ముతున్నా నోరు విప్పని మనిషి నా ముందు నిలబడి ఉంది, నేనేమో నా చేత్తో పదకొండు ఇళ్లకి వట్టి నమ్మకం పంచి వచ్చాను. ఎవరికి తెలుస్తుందిలే అనిపించలేదంటే అబద్ధం. అనిపించింది. కాసేపు గట్టిగానే అనిపించింది.

తర్వాత చొక్కా వేసుకుని బయల్దేరాను. నేను అడక్కుండానే ఆవిడ కూడా వచ్చింది. గట్ల మీద ఒక్కొక్క పాక దగ్గరా ఆగి, పొద్దున్న వేసింది చెల్లదు, నా తప్పు, మళ్లీ వేస్తాను, అందాకా కుక్క కరిస్తే ఆసుపత్రికి పరుగెత్తండి అని చెప్పాను. కొందరు సరేనన్నారు. ఒకాయన ఇన్నేళ్ల పేరు పోగొట్టుకున్నారండి అన్నాడు. నిజమే, పోయింది.

పది కుక్కలు లెక్కకి వచ్చాయి. పదకొండోది లేదు. రొయ్యల లారీ డ్రైవరు ఇశ్రాయేలు దాన్ని ముచ్చటపడి అడిగి, కూతురికిస్తానని లారీలో వేసుకుని ఆ మధ్యాహ్నమే నెల్లూరు బయల్దేరాడు. నంబరు సంపాదించి ఫోన్ చేశాను. స్పీకరు పెట్టాను. విషయం విని అతను తేలిగ్గా నవ్వాడు. అరచేయంత పిల్లండి, దాని పంటికి ఏమవుతుంది, వచ్చే ట్రిప్పుకి చూద్దాం లెండి అన్నాడు. పెద్దింట్లమ్మ నా చేతిలోంచి ఫోను తీసుకుంది.

"బాబూ, నీ కూతురికి ఎన్నేళ్లు?"

"ఎనిమిదండి."

"మా చెల్లెలు లక్ష్మీతులసికి అప్పుడు తొమ్మిది బాబూ. కరిచింది పిల్లకుక్కే. చిన్న గీత పడింది. ఇంత పిల్లకేమవుతుందని మా అమ్మ పసుపు రాసింది. నెలన్నరకి మంచినీళ్ల గ్లాసు చూసి కేకలు పెట్టింది. నేనే పట్టుకున్నాను దాని చేతులు."

లారీ ఇంజను ఆగిన చప్పుడు వినిపించింది. ఇశ్రాయేలు గొంతు తగ్గించి, ఇంట్లో దింపకుండా నేరుగా పశువుల ఆసుపత్రికే పట్టుకెళతానమ్మా, అక్కడ ఏమని చెప్పాలో చెప్పండి అన్నాడు. ఆవిడ ఫోను నా చేతికిచ్చి గట్టు మీద కూలబడి ఏడ్చింది. నేను మందు పేరు, నా పేరు, నేను చేసిన తప్పు వరసగా అతనికి చెప్పాను.