దుప్పటిని పాతది చేసిన రోజు

చైతన్యపురిలో మేము అద్దెకున్న ఇంటి యజమానురాలికి ఊలు అల్లిక నేర్పింది నేనే. ఈ మాట చెప్పుకోవడానికి కొంచెం గర్వంగానూ, అంతకంటే ఎక్కువ సిగ్గుగానూ ఉంటుంది. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నేర్చుకున్నది ఎక్కువగా నేను.

నేను బడికి పోలేదు. మా నాన్నగారు వరండాలో కూర్చోబెట్టి అక్షరాలూ శతకాలూ చెప్పారు. మా పెద్దత్త పక్కన కూర్చోబెట్టుకుని కొక్కెం సూది పట్టించింది. గుంటూరు వైపు నుంచి పెళ్ళయి ఈ ఊరొచ్చాక ఆ రెండు చదువులే నాకు తోడు. మధ్యాహ్నం పారాయణ అయ్యాక ఆ వీధి ఆడవాళ్ళం కొందరం మా వాకిట్లో చేరి క్రోషా చదరాలు అల్లేవాళ్ళం. అరచేతి కంటే కాస్త పెద్ద ముక్కలు. నడుమ చిన్న గొలుసు వేసి, దాని చుట్టూ కుట్లు పోసుకుంటూ నాలుగు మూలలు తిప్పడమే, ఇంకేమీ లేదు. అవన్నీ కలిపి కుడితే పసిబిడ్డకు దుప్పటి అవుతుంది. సర్కారు ఆసుపత్రిలో కాన్పయిన పేదింటి తల్లులకు ఇచ్చి వచ్చేవాళ్ళం. అమ్మవారి నామం ఒక్కొక్కటీ తలుచుకుంటూ ఒక్కొక్క కుట్టు వేయడం నా అలవాటు. ఆ తల్లి నా చేతికి ఈ మాత్రం పని ఇచ్చినందుకు ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

మా ఇంటామెది అక్కడి పాత ఊరి రైతు కుటుంబం. మేమున్న ఇల్లు లేచిన చోట ఒకప్పుడు వాళ్ళ వరి మడి ఉండేదట. నేను అక్కా అనేదాన్ని, ఆవిడ నన్ను చెల్లే అనేది. నాట్లు వేసి, కలుపు తీసిన చెయ్యి కావడంతో ఊలును కూడా గుంజి బిగించేది. ఆమె మొదటి చదరాలు నేల మీద పరుచుకోకుండా అంచులు పైకి లేచి నిలబడేవి. ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని నా ముందు చాచింది.

"గిది దుప్పట్ల ఏసే బిళ్ళనా, ఉప్పు పోసుకునే గిన్నెనా చెల్లే?"

చెయ్యి వదులు చెయ్యమని చెప్పేదాన్ని. వదిలితే కుట్టు జారిపోతుందని ఆమె భయం. విప్పడం, మళ్ళీ అల్లడం, మళ్ళీ విప్పడం. నేనైతే ఎప్పుడో మానేసేదాన్ని. ఆమె మానలేదు. సంక్రాంతి ముందు చలి ముదిరేసరికి ఆమె బిళ్ళలు నేలకు అంటుకుని కూర్చోవడం మొదలుపెట్టాయి.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌లో షటర్లు ఎప్పుడు లేస్తాయో, ఎప్పుడు దిగుతాయో తెలిసేది కాదు. ఊలు కొనడానికి బయలుదేరి, హాస్టళ్ళ పిల్లల ఊరేగింపు ఎదురొస్తే సగం దారిలో వెనక్కి తిరిగిన రోజులున్నాయి. ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర దీక్షా టెంటు వేశారు. రోజూ కొందరు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అన్నం ముట్టకుండా అందులో కూర్చునేవారు. అక్క తన వంతు అయినా కాకపోయినా పోయేది. సంచిలో నీళ్ళ సీసా, ఊలు ఉండ, సూది. నినాదాలప్పుడు సూదిని ఒళ్ళో పెట్టి పిడికిలి ఎత్తేది. అవి ఆగగానే వదిలిన కుట్టు దగ్గర మళ్ళీ అందుకునేది.

మా ఆయన మాత్రం బజారులో ఎక్కువ మాట్లాడకు, యాస పట్టేస్తారు అని జాగ్రత్త చెప్పేవారు. నన్నెవరూ ఒక్క మాట అనలేదు. అయినా కూరగాయల బండి దగ్గర వేలితో చూపించి కొనడం అలవాటు చేసుకున్నాను. అక్క అది కనిపెట్టి, మూగదానివైనవా ఏంది అని అడిగింది. ఆనాటి నుంచి బజారుకు తనే తోడొచ్చేది. రాష్ట్రం రావాలన్న పట్టు ఆమెకు ఎంత గట్టిదో, నా ముగ్గు చెరగకుండా పక్క నుంచి నడవాలన్న పట్టూ అంతే గట్టిది.

ఆ చలికాలమే, మా పోర్షన్లోనూ అక్క పోర్షన్లోనూ గిన్నెలు కడిగే ఆమె కూతురు నెల తక్కువగా ఆడపిల్లను కన్నది. ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉంచుకుని ఇంటికి పంపారు. డాక్టరమ్మ పదే పదే చెప్పింది ఒకటే, బిడ్డకు చలి తగలనివ్వొద్దని. మా దగ్గర అప్పుడే ముగించిన దుప్పటి ఒకటుంది. పసుపూ తెలుపూ చదరాలు, సగం అక్కవి, సగం నావి. దాన్ని కొత్త కవరులో పెట్టి పనామె చేతికిచ్చాను. కళ్ళకద్దుకుని తీసుకుపోయింది.

కొద్ది రోజులకు బిడ్డను చూడ్డానికి చంపాపేటలో వాళ్ళ గదికి పోయాను. దుప్పటి కవరుతో సహా గోడకు మేకున వేలాడుతోంది. బిడ్డ అరిగిపోయిన చీర ముక్కలో ఉంది. పక్క మీద పడుకోబెడితే ఒళ్ళు చల్లబడిపోతోందని ఆ పిల్లతల్లి గోడకానుకుని, బిడ్డను ఛాతీకి అదుముకుని కూర్చుని ఉంది. రాత్రీ పగలూ అదే తీరట. కూర్చున్నచోటే తల వాలిపోతోంది, ఉలిక్కిపడి మళ్ళీ లేస్తోంది. నేను బిడ్డ అరికాలు ముట్టుకున్నాను. వేకువన ముట్టుకున్న చెంబులా తగిలింది.

దుప్పటి ఎందుకు కప్పలేదని అడిగాను. అమ్మమ్మ అయిన మా పనామె తలొంచుకుని జవాబు చెప్పింది.

"తొట్టెల చేసేదాక కొత్త బట్ట తాకియ్యమమ్మా. నీ చేతిపని మంచిదే. గని మా పొల్ల పానం ఇంక గట్టిపడలే."

తొట్టెల అంటే ఇరవై ఒకటో నాడు బిడ్డను ఉయ్యాలలో వేసి పేరు పెట్టడం. అందాకా ఒంటి మీదికి ఎవరో ఒకరు కట్టి విడిచిన పాత గుడ్డే. ఇల్లంతా ఎలుకలున్నాయని, తొట్టెలనాడు ఇమ్మని, దుప్పటిని ఆమే మేకు నుంచి తీసి నా చేతిలో పెట్టింది.

షేర్ ఆటోలో వెనక్కి వస్తుంటే మొదట మనసు చిన్నబోయింది. తర్వాత గుర్తొచ్చింది. మా అమ్మ కూడా నన్ను తాతగారి పాత పంచె ముక్కలోనే చుట్టింది. ఆ సంగతి వింటూ పెరిగినదాన్ని, రంగురంగుల ఊలు చూసుకుని మరిచిపోయాను. మేమిచ్చిన దుప్పట్లు ఇంకెన్ని ఇళ్ళలో మేకులకు వేలాడుతున్నాయో.

అక్కకు చెప్పాను. ఆమె ఇంట్లో పాత గొంగడి ఉంది గానీ, గుప్పెడంత బిడ్డకు అది మోయలేనంత బరువు, పైగా గరుకు. అక్క మా దుప్పటిని ఒళ్ళో వేసుకుని కాసేపు అంచులు నిమిరింది.

"కొత్తదైతే పాతది జేద్దాం. దానికేంది?"

మర్నాడు బంద్. అక్క పొద్దున్నే దుప్పటిని సంచిలో పెట్టుకుని టెంటుకు పోయింది. సాయంత్రం వచ్చి తీసుకుపొమ్మని నాకు చెప్పి మరీ పోయింది. బస్సుల్లేవు, ఆటోల్లేవు. ఎప్పుడూ దాటలేని ఆ పెద్ద రోడ్డు మీద నడుమ నడుచుకుంటూ ఎల్బీనగర్ దాకా పోయాను.

టెంటులో ఆడవాళ్ళు వరసగా కూర్చున్నారు. మా దుప్పటి ఒకామె మోకాళ్ళ మీద ఉంది. పసిబిడ్డ కొలత కాబట్టి మోకాళ్ళు దాటలేదు. ఆమె కాసేపు కప్పుకుని పక్కామెకు అందించింది. పక్కామె తలకు చుట్టుకుని, నా మొగడు గూడ నన్ను గింత ఎచ్చగ జూస్కోలే అంది. వరసంతా నవ్వింది. పొద్దుటి నుంచీ అది అలాగే చేతులు మారుతోందట. ఒక ముసలావిడ దాన్ని తల కింద పెట్టుకుని మధ్యాహ్నం కునుకు కూడా తీసిందట.

చివరన కూర్చున్నామె ఎవరు కావాలని నన్ను అడిగింది.

"దుప్పటి కోసం వచ్చానండీ."

ఆ 'అండీ' నోట్లోంచి జారాక గానీ తెలియలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు నా వైపు తిరిగారు. ఆంధ్రామెనా అని ఎవరో మెల్లగా అడిగారు. అక్క అల్లిక మీంచి తలెత్తలేదు.

"మా ఇంట్ల ఉంటది. పొద్దటిసంది మీరు కప్పుకున్నది అల్లింది గామెనే. ఎచ్చగున్నదా లేదా, గది చెప్పున్రి."

నన్ను అడిగినామె జరిగి చోటిచ్చింది. దుప్పటి తీసి నా మోకాళ్ళ మీద పరిచి, నువ్వు గూడ జర కప్పుకో, నీ అల్లిక నీకు తెల్వాలె గద అంది. కూర్చున్నాను. అన్ని దుప్పట్లు అల్లి, ఒక్కదాన్ని నా ఒంటి మీద వేసుకుని చూసుకోలేదు. అక్క బిగువు చదరాల దగ్గర వెచ్చగా ఉంది, నా వదులు చదరాల దగ్గర మెత్తగా ఉంది. నా వంతు అయిపోయినా కాసేపు ఎవరికీ ఇవ్వలేదు.

సాయంత్రం నిమ్మరసం ఇచ్చి దీక్ష విరమింపజేశారు. గ్లాసు అందుకునే తొందరలో ఎవరి చెయ్యో తగిలి రసం దుప్పటి మీద ఒలికింది. ఇగ పాతదైంది అని అక్క దాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. ఇంటికొచ్చి గోరువెచ్చని కుంకుడు రసంలో తనే జాడించి, మర్నాడు మేడ మీద ఎండలో పరిచింది. అది మొదలు మా దుప్పట్లన్నీ ఆ టెంటు మీదుగానే ఆసుపత్రికి చేరాయి. టెంటు తీసేశాక వీధిలోని అవ్వల ఒళ్ళ మీదుగా చేరాయి.

దుప్పటి ఆరగానే ఇద్దరం చంపాపేట పోయాము. పనామె దాన్ని వాసన చూసింది. అంచు పట్టి లాగింది. పోకుండా మిగిలిన మరక మీద వేలు పెట్టి, ఎవరు కప్పుకున్నారని అడిగింది.

"టెంట్ల కూసున్న ఆడోళ్ళందరు," అంది అక్క. "గంపెడు పిల్లలను కన్నోళ్ళున్నరు, మనవరాండ్లను ఎత్తుకున్నోళ్ళున్నరు. అందరు బతికి బట్టగట్టినోళ్ళే. ఇంతమంది కప్పుకున్నంక గది కొత్తదెట్లయితది?"

పనామె నా వైపు చూసి, అక్కను అడిగింది. "గీమె గూడనా, పటేలమ్మా?"

"గీమె గూడ."

పనామె కూతురి ఒళ్ళోంచి బిడ్డను అందుకుంది. చీర ముక్క మీదుగానే దుప్పట్లో చుట్టి, ముఖం తెరిచి ఉంచి, తల్లి పక్కలో పడుకోబెట్టింది. బతికి బట్టకట్టడం అనే మాటను నేను చిన్నప్పటి నుంచీ అంటూనే ఉన్నాను. అందులో నిజంగానే ఒక బట్ట ఉందని ఆ గదిలో కూర్చున్నాకే తట్టింది. ఆ పిల్లతల్లి కాసేపు బిడ్డ మీద చెయ్యి వేసి చూసుకుంటూ ఉంది. ఆ తర్వాత చెయ్యి అలాగే ఉండగానే నిద్రపోయింది. ఆమె వెన్ను నేలకు ఆనడం ఇన్నాళ్ళకు అదే మొదలని అమ్మమ్మ గుసగుసగా చెప్పింది.

మేము ముగ్గురమూ ఆ పక్కనే కూర్చున్నాము. అక్క అక్కడ కూడా సూది తీసి అల్లుతోంది. వెలుతురు తగ్గే వేళకు నేను ఉండబట్టలేక దుప్పటి అంచు కింద నుంచి వేళ్ళు పోనిచ్చి బిడ్డ అరికాలు ముట్టుకున్నాను.

అమ్మమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"నీ చెయ్యే సల్లగున్నది. తియ్యమ్మా, పొల్ల లేస్తది."