ఉన్ని శాలువా, చిమ్మెట

నిరుడు నాయనమ్మ పోయినప్పుడు, దినాలు అయ్యే దాకా నాచారంలోని మా అద్దె ఇంట్లో ఆమె పడుకున్న చోట దీపం ఆరనివ్వలేదు. ఆ రోజుల్లోనే గోడ మీద చిన్న రెక్కల పురుగు ఒకటి కనిపించింది. నాన్న చెప్పు ఎత్తాడు. మేనత్త ఆయన చెయ్యి పట్టుకుంది.

"కొట్టకురా! అమ్మొచ్చింది, సూస్తలేవా?"

"గింత సన్నగయిందా అమ్మ?" అన్నాడు నాన్న, కళ్ళు తుడుచుకుంటూనే.

ఆ తర్వాత మా ఇంట్లో ఆ పురుగుల్ని ఎవరూ కొట్టలేదు. నేను నమ్మలేదు. కానీ గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు వాటికి వీపు తిప్పి కూర్చోలేకపోయేదాన్ని. పేరు తెలిస్తే భయం పోతుందని పుస్తకాలు వెతికాను. బట్టల చిమ్మెట. బియ్యపు గింజంత ఉంటుంది. మట్టి రంగు రెక్కలు, వాటి మీద మసక చుక్కలు, అంచున సన్నని నూగు, నెత్తి మీద చెదిరిన జుట్టులాంటి కుచ్చు. మిగతా పురుగుల్లా దీపం చుట్టూ తిరగదు. వెలుగు పడితే పరుగెత్తి చీకట్లో దూరుతుంది. నాయనమ్మ కూడా ట్యూబులైటు వేస్తే, "బంద్ జెయ్యి బిడ్డా, కండ్లు గుంజుతున్నయ్" అనేది. చదివాక భయం ఇంకాస్త పెరిగింది.

బట్టలు తినేది రెక్కల పురుగు కాదు, దాని పిల్ల. గుమ్మడి గింజలాంటి గూడును మోసుకుంటూ గోడల మీద పాకుతుంది. దొరికిన పోగులతోనే గూడు కట్టుకుంటుంది కాబట్టి, దేన్ని తింటే ఆ రంగు. మా గోడల మీదివన్నీ దుమ్ము రంగువి.

ఈ చలికాలం ఒక సాయంత్రం ఉప్పల్‌లో మెట్రో దిగి ఇంటికొచ్చేసరికి, నా మంచం పక్క గోడ మీద ముదురెరుపు గూడు ఒకటి పాకుతోంది. ఆ రంగు మా ఇంట్లో నాయనమ్మ ఉన్ని శాలువాకు ఒక్కదానికే ఉంది. ఆమె బట్టలన్నీ పంచేసిన రోజు అమ్మను బతిమాలి దాన్ని దాచుకున్నాను. ఆమె వాసన పోకూడదని ఉతకలేదు.

మంచం కింది సూట్‌కేసు తెరిచాను. మడత మడతకూ తూట్లు.

"ఉతకకుంటే గిట్లనే అయితది," అంది అమ్మ. "మసిలిన నీళ్లల్ల ఎయ్యాలె."

"వాసన పోతదమ్మా."

"వాసన దాసుకుంటె శాలువ మిగలదు బిడ్డా. ఏది గావాల్నో నువ్వే జెప్పు."

మెడ దగ్గరి అంచులో ముఖం దాచుకున్నాను. తంబాకు, కొబ్బరినూనె. తర్వాత నేనే బకెట్లో ముంచాను. నీళ్లు ఎర్రబడ్డాయి.

అమ్మ చీపురు పట్టుకుని గోడ మీది ఎర్ర గూడు వైపు వెళ్లింది. "దాన్ని ఉండనియ్యి," అన్నాను. ఉతకని పోగులు ఇక దాని ఒంటి మీదే ఉన్నాయి.